బాతుముక్కు

జూన్ 3, బుధవారం

మా ఆవిడ పెరట్లో తీగ మీద గుడ్డముక్కలు ఆరేసింది. నేను వెళ్ళేసరికి గబగబా వాటి మీద దుప్పటి కప్పింది. ఎర్రచాయ పూర్తిగా వదల్లేదు. ఆమెకి నెలనెలా వచ్చేది ఆగిపోయి చాలా ఏళ్ళయింది. మళ్ళీ ఎందుకు వచ్చినట్టు?

అడగలేదు. టీ చల్లారిపోతోంది రమ్మంది. వెళ్ళాను.

జూన్ 4

వేడి చేసి ఉంటుంది.

జూన్ 7, ఆదివారం

మరదలు వచ్చింది. మా ఆవిడకి ఒక్కతే చెల్లెలు, రెండు వీధుల అవతల ఉంటుంది. బట్టలు కుడుతుంది. మిషను కంటే నోరు వేగం. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "ఏం గరిటెల బావా, కాస్త నోరు తెరిచి పలకరిస్తే అరిగిపోతుందా?" అంది. మా పెళ్ళైన కొత్తలో, నువ్వు చేసే పనేమిటి బావా అని నలుగురిలో అడిగింది. గరిటెలు, చెంచాలు అన్నాను. అప్పట్నుంచీ అదే పేరు.

అక్కచెల్లెళ్ళిద్దరూ వంటింట్లోకి వెళ్ళి గుసగుసలాడుకున్నారు. కాసేపటికి మరదలి గొంతు లేచింది.

"ఎన్నాళ్ళనుంచి? ఇన్నాళ్ళూ దాచుకుని కూర్చున్నావా?"

"మెల్లగా మాట్లాడవే. ఆయన వింటాడు."

"వింటే వింటాడు, చెవులున్నది అందుకేగా. రేపు ఆసుపత్రికి పద."

"చచ్చినా రాను."

"చచ్చాక నిన్నెవరు రమ్మంటారే? బతికుండగా రమ్మంటున్నా."

నేను పేపరు తిరగేశాను. ఆ పేజీ అప్పటికే చదివేశాను.

వెళ్తూ వెళ్తూ నా ముందు నిలబడింది. "బావా, నువ్వు చెప్పు. నీ మాటైతే వింటుంది."

"సరే."

"సరే అనడం కాదు. చెప్పు."

"చెప్తాను."

జూన్ 8

చెప్పలేదు.

జూన్ 10, బుధవారం

ఇది నేను ఒక్కణ్ణే చదువుకునేది. అయినా చెయ్యి ఆగుతోంది.

నేను చేసింది గరిటెలు కాదు. ఆడవాళ్ళ డాక్టర్లు లోపల చూడడానికి పెట్టే సామాను. దానికి ఇంగ్లీషు పేరుంది. ఆ పేరు నేను ఎప్పుడూ పైకి అనలేదు. వర్క్‌షాపులో అందరం బాతుముక్కు అనేవాళ్ళం. రెండు రేకులు, వెనక ఒక కీలు, పక్కన ఒక మర. మూసి ఉంటే అచ్చం బాతు ముక్కులాగే ఉంటుంది. మర తిప్పితే నోరు తెరుస్తుంది.

నా వంతు చివరి పని. అంచులు. ముందు ఆకురాయి, తర్వాత ఎమరీ కాగితం, ఆ తర్వాత పాలిష్ చక్రం. అన్నీ అయ్యాక పాత నూలుగుడ్డ ఒకటి అంచు వెంట లాగాలి. ఒక్క పోగు తగులుకున్నా మళ్ళీ ఆకురాయి దగ్గరికి. తగులుకోకపోతే డబ్బాలోకి. ఆ గుడ్డలు ఇంటినుంచే తీసుకెళ్ళేవాణ్ణి. ఉతికి ఉతికి మెత్తబడిన ఆమె పాతబట్టలు. "గరిటెలు తుడవడానికి ఇంత మెత్తటివెందుకయ్యా?" అనేది. ఊఁ అనేవాణ్ణి.

ఐదో క్లాసుతో పలక అవతల పెట్టినవాణ్ణి. అలాంటి సంగతి పెళ్ళానికి ఏ మాటలతో చెప్పాలో ఏ బళ్ళోనూ నేర్పలేదు.

జూన్ 14, ఆదివారం

చెప్పాను. ఆమె కూరలు తరుగుతోంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఒకసారి చూపించుకుంటే పోలా?" అన్నాను.

కత్తి ఆగింది.

"అది నేర్పి పంపిందా?"

"లేదు. నేనే."

"నీ మొహం. నీకు నువ్వుగా ఇన్ని మాటలు ఎప్పుడన్నావు?"

మళ్ళీ తరిగింది. తరుగుతూనే చెప్పింది. రెండో బిడ్డ కూడా కడుపులోనే పోయినప్పుడు ఒకసారి చూపించుకుంది కదా, అది చాలట. అప్పుడు డాక్టరు పెట్టిన ఇనప సామాను మంచుగడ్డలా ఉందట. దాని అంచు లోపల ఎక్కడో గీరుకుందట. కదిలితే కసిరాడట. ఇంటికొచ్చాక కూడా రెండు మూడు రోజులు మంట.

"నాకు చెప్పలేదే" అన్నాను.

"చెప్తే ఏం చేసేవాడివి?"

"ఏం సామాను అది?" అన్నాను. ఎందుకడిగానో తెలియదు.

"నేనేమైనా చూశానా? తెరుచుకునేది. ఇంకోసారి దాని జోలికి మాత్రం పోను. చెల్లెలికీ అదే చెప్పాను."

తరిగిన ముక్కలు గిన్నెలో పోసింది. మాట అయిపోయింది.

ఆ ఆసుపత్రికి సామాను వెళ్ళింది మా వర్క్‌షాపు నుంచే.

జూన్ 15

అంచుల పని నేనొక్కణ్ణే చేసేవాణ్ణి కాదు. బల్ల దగ్గర నలుగురం ఉండేవాళ్ళం.

జూన్ 16

నలుగురం అయింది తర్వాత. ఆ ఏడు ఇద్దరమే.

జూన్ 19, శుక్రవారం

దారి దొరికింది.

వర్క్‌షాపు మూసేసిన రోజు మిగిలిన రేకులు ఎవరికి కావాలంటే వాళ్ళని తీసుకోమన్నారు. ఎవరికీ అక్కర్లేదు. నేను రెండు జతలు తెచ్చుకున్నాను. పెరట్లో షెడ్డులో పాత పెట్టెలో ఉన్నాయి. ఇవాళ దులిపి చూశాను, తుప్పు లేదు.

ఆమెకి ఒకటి చేస్తాను. వయసు మళ్ళినవాళ్ళకి సన్నది కావాలి. ఆ సైజు మేము తక్కువ చేసేవాళ్ళం, అడిగేవాళ్ళు లేరని. ఈ రేకుల్ని సన్నం చేయొచ్చు. పూర్తయ్యాక తీసుకెళ్ళి డాక్టరుకిచ్చి, దీన్ని గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి దీనితోనే చూడండి అంటాను. ఆమెతో, ఈసారి నొప్పి ఉండదు, పూచీ నాది అంటాను.

ఇవాళ మనసు తేలిగ్గా ఉంది. ఆమె కూడా మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువ తింది.

జూన్ 23

ఆకురాయి పట్టి చాలాకాలమైంది. వేళ్ళు మరిచిపోలేదు, భుజం మరిచిపోయింది.

పని చేస్తుంటే మా మేస్త్రీ గుర్తొచ్చాడు. పోయి చాలా ఏళ్ళయింది. సామాను అమ్మే కంపెనీలవాళ్ళు వదిలి వెళ్ళిన పుస్తకాల్లో బొమ్మలు చూసి, ఎవరో ఒకరి చేత చదివించుకుని, మాకు చెప్పేవాడు. కొండ బద్దలై బూడిదలో పూడిపోయిన ఊళ్ళో తవ్వితే ఇలాంటి సామానే దొరికిందట, రెండువేల ఏళ్ళ నాటిది. అప్పటికే దానికి మర ఉందట. ఆ తర్వాత ఎప్పుడో, మా ముత్తాతల కాలంలో అనుకుంటాను, సముద్రాల అవతల ఒక డాక్టరు పెద్ద చెంచా కాడ వంచి, దానితో తెరిచి చూశాడట. ఎవరిని చూశాడంటే, బానిస ఆడవాళ్ళని. తన పెరట్లోనే ఒక కొట్టం కట్టి, వాళ్ళని అందులో పెట్టి, కోసి కుట్టడం వాళ్ళ మీదే నేర్చుకున్నాడట. మత్తు లేదు. ఒక్కొక్కరిని ఎన్నోసార్లు. వాళ్ళ ఒప్పుకోలు ఎవరూ అడగలేదు.

"మనం పట్టుకున్నది దాని మనవడిని రోయ్. అంచు చూసుకో" అనేవాడు.

చెంచా అని మరదలికి నేను చెప్పిన అబద్ధం అంత అబద్ధమేమీ కాదని నవ్వుకునేవాణ్ణి. ఇవాళ నవ్వు రాలేదు.

జూన్ 28, ఆదివారం

మరదలు నేరుగా షెడ్డు దగ్గరికే వచ్చింది. సామాను గుడ్డ కింద పెట్టేశాను.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమంది?"

"వెళ్దాంలే. కొంచెం పని ఉంది. అయ్యాక వెళ్దాం."

"ఏం పని? మూసేసిన వర్క్‌షాపుకి ఓవర్‌టైమా?"

గుడ్డ ఇంకాస్త లాగి సర్దాను.

"అక్క నడుం పట్టుకుని లేస్తోంది చూశావా బావా?"

చూశాను. నీళ్ళబిందె ఎత్తి ఉంటుంది.

జులై 2

కీలు బిగుతుగా ఉంది. విప్పేశాను.

జులై 5

కీలు వదులైంది. లోపలి పిన్ను మార్చాలి. ఆమె మధ్యాహ్నం పడుకుంది. ఎప్పుడూ పడుకోదు. ఎండలు అలా ఉన్నాయి.

జులై 9, గురువారం

పిన్ను కోసం పాత వర్క్‌షాపు వీధికి వెళ్ళాను. అక్కడ ఇప్పుడు టైర్లు అమ్ముతున్నారు. గోడ మీద మా పాలిష్ చక్రాల నల్లటి మరకలు మాత్రం అలాగే ఉన్నాయి. పక్కన ఇనప సామాన్ల కొట్టాయన గుర్తుపట్టాడు. "ఇంకా ఆ పనేనా పెద్దాయనా? ఇప్పుడంతా ప్లాస్టిక్ కదా" అన్నాడు. మా యజమాని కూడా మూసేసే ముందు అదే అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. సబ్బుపెట్టెలు చేసే సరుకుతో ఆ పనేం జరుగుతుంది?

పిన్ను దొరకలేదు. నేనే చేసుకోవాలి.

జులై 12

మరదలు నాతో మాట్లాడడం మానేసింది. ఆమెతో కూడా పోట్లాడి వెళ్ళింది. పోతూ వీధి తలుపు గట్టిగా వేసింది. గోడ మీద సున్నం రాలింది.

ఆమె చీపురు తెచ్చి ఊడ్చింది. సగంలో కూర్చుండిపోయింది. మిగతాది నేను ఊడ్చాను. "అంత పనిమంతుడివా!" అంది.

జులై 16

పూర్తయింది. గుడ్డ లాగాను. తగులుకోలేదు.

ఇంకొక్కసారి చూసి వెళ్దాం.

జులై 20, సోమవారం

ఎడమ రేకు కొస దగ్గర పోగు తగులుకుంది. తగులుకున్నట్టు అనిపించింది. మళ్ళీ మొదటినుంచి. తొందరపడి లాభం లేదు. ఈసారి తప్పు జరగకూడదు.

జులై 22

ఆమెకి ఆకలి లేదట. వానాకాలం కదా.

జులై 25, శనివారం

పొద్దున స్నానాలగదిలో పడిపోయింది. నేల నిండా నెత్తురు. నేను తలుపు దగ్గర నిలబడిపోయాను. ఎదురింటావిడే మరదలికి ఫోన్ చేసింది. మరదలు బండి మాట్లాడుకుని వచ్చింది. నన్ను తిట్టలేదు. అందుకే భయమేసింది.

బండెక్కే ముందు షెడ్డులోకి పరిగెత్తి, గుడ్డలో చుట్టి ఉన్నదాన్ని జేబులో పెట్టుకున్నాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల. గబగబా నడుస్తుంది, గబగబా మాట్లాడుతుంది. గదిలోకి వెళ్ళబోతుంటే అడ్డం వెళ్ళాను. నా జన్మలో ఎవరికీ అలా అడ్డం వెళ్ళలేదు.

"అమ్మా, దీనితో చూడండి."

గుడ్డ విప్పింది. "ఏంటి తాతగారూ ఇది... ఓ, స్పెక్యులమా! స్టీలుది! చదువుకునే రోజుల్లో వాడాను." మర తిప్పి చూసింది, మూసింది. "భలే నున్నగా ఉందే. ఎక్కడిది?"

"ఇంట్లో ఉంది."

"ఇవి ఇక్కడ వాడడం లేదండీ. ఇప్పుడు ప్లాస్టిక్‌వి. ఒకసారి వాడి పారేస్తాం." పక్కన ట్రేలోంచి ఒక కవరు తీసి చూపించింది. లోపల అదే ఆకారం. రెండు రేకులు, కీలు. అద్దంలా అవతలి వేళ్ళు కనిపిస్తున్నాయి. కవరు నా చేతిలో పెట్టింది, బరువే లేదు. అంచుల్ని వేలితో నొక్కి చూశాను. ఎవరూ ఆకురాయి పట్టి ఉండరు. అచ్చులోంచి అలాగే వచ్చి ఉంటుంది.

ఎక్కడా గరుకు లేదు.

డాక్టరమ్మ నాదాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టి ఇచ్చింది. జాగ్రత్తగానే చుట్టింది. మరదలు మా ఆవిడతో లోపలికి వెళ్ళింది. తలుపు వేసుకుంది.

బయటికొచ్చాక ఆమె ముఖంలో ఆశ్చర్యం. బల్ల మీద నా పక్కన కూర్చుని, "అంతేనయ్యా!" అంది. "ఏదో ప్లాస్టిక్ సామాను. చల్లగా కూడా లేదు. అయిపోయిందమ్మా అంటే, ఏంటి అయిపోయిందీ అన్నాను. దీనికా నేను ఇన్నేళ్ళూ హడలిపోయింది?" నవ్వింది.

మరదలు నవ్వలేదు. లోపల డాక్టరమ్మ ముఖం తను చూసింది.

ఆగస్టు 4, మంగళవారం

చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు, పెద్ద మిషనులో పెట్టి ఫోటోలు తీశారు. ఇవాళ చెప్పారు. అది గర్భసంచి దాటి వెళ్ళిపోయిందట. ఆపరేషన్ చేసి లాభం లేదట. కరెంటు, అదే రేడియేషన్, పెడితే నెత్తురు తగ్గొచ్చు, నొప్పి తగ్గొచ్చు.

మరదలు ఆమెని బయటికి తీసుకెళ్ళాక నేను కుర్చీలోంచి లేవలేదు.

"జూన్‌లో తెచ్చి ఉంటే?" అన్నాను.

డాక్టరమ్మ ఫోటోలు కవర్లో పెడుతోంది. "పెద్ద తేడా ఉండేది కాదు తాతగారూ." కవరు మూత అంటిస్తూ అంది. నా వైపు చూడలేదు.

ఆగస్టు 5

పెద్ద తేడా ఉండేది కాదు.

ఆగస్టు 6

పెద్ద తేడా ఉండదంది. తేడా ఉండదని అనలేదు.

ఆగస్టు 19, బుధవారం

రోజూ కరెంటు పెట్టడానికి వెళ్తున్నాం. మందపాటి తలుపు అవతలికి ఆమె ఒక్కతే వెళ్ళాలి. తిరిగి వచ్చేటప్పుడు, ఎవరింటికో పేరంటానికి వెళ్ళొచ్చినట్టు జుట్టు సర్దుకుంటూ వస్తుంది. నెత్తురు ఆగింది. మరదలు మళ్ళీ మాట్లాడుతోంది, నాతోనే. "తిన్నావా బావా" అంటోంది. గరిటెల బావా అనడం లేదు. అంటే బాగుండును.

ఆసుపత్రిలో పక్కన కూర్చున్న ఆడవాళ్ళందరికీ ఆమె ఒకటే చెప్తోంది. "ఏం నొప్పి ఉండదమ్మా. నేను చూపించుకున్నాగా. మీ కోడల్ని కూడా తీసుకురా." ముందే వెళ్ళి చూపించుకున్నదానిలాగా చెప్తోంది.

సెప్టెంబరు 6, ఆదివారం

కరెంటు అయిపోయింది. ఇంక రానక్కర్లేదన్నారు. మంచం కిటికీ పక్కకి జరిపాను. మధ్యాహ్నం మరదలు ఇంటికి వెళ్ళాక ఆమె అడిగింది.

"ఆ వానల్లో షెడ్డు తలుపేసుకుని ఏం చేశావయ్యా అన్నాళ్ళు?"

గరిటె అనబోయాను. నోరు రాలేదు. వెళ్ళి తెచ్చి చేతిలో పెట్టాను.

అటూ ఇటూ తిప్పింది. మర దొరికింది. తిప్పింది. తెరుచుకుంది. ఆమె ముఖం మారింది. నెమ్మదిగా మూసేసింది.

"ఇదేగా?"

"అదే."

"అయితే గరిటెలు?"

"ఇవే."

"మొదట్నుంచీ?"

"ఊఁ."

కాసేపు కిటికీ వైపు చూసింది. ఉన్నట్టుండి నవ్వు మొదలైంది. పొట్ట పట్టుకుంది, నొప్పి వచ్చి ఆపుకుంది, మళ్ళీ నవ్వింది. "చెల్లెలికి చెప్పకు. ఇన్నేళ్ళు పిలిచిన పిలుపు, ఇప్పుడు ఏమని పిలుస్తుంది నిన్ను?"

వేలితో అంచు తడిమింది.

"నాకోసం చేశావా?"

"ఊఁ."

"అందుకా ఆగావు?"

తల దించుకున్నాను. ఆమె అంచు తడుముతూనే ఉంది.

"ఇంత నున్నగా చేసేవాడివా? మరి ఆ రోజు నాకు పెట్టింది ఎవరు చేశారు?"

"నేను కాదు" అన్నాను. వెంటనే అన్నాను.

"నువ్వు కాదులే" అంది.

నాకు తెలియదు. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఎలా? నాకు తెలియదు.

తర్వాత అడిగింది, "దీన్ని కనిపెట్టింది ఎవరు? మగవాడేనా?" మేస్త్రీ చెప్పిందంతా చెప్పాను. చెంచా కాడ, పెరట్లో కొట్టం, మత్తు లేకపోవడం. ఆమెతో ఒక్కసారి అన్ని మాటలు నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఆ ఆడవాళ్ళ పేర్లేమిటి?"

"ముగ్గురి పేర్లు ఉన్నాయట పుస్తకంలో. మేస్త్రీ చెప్పాడు. మరిచిపోయాను."

"సరిపోయింది." కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. "అరిచి ఉంటారు" అంది.

"అరిచి ఉంటారు."

"నేను అరవలేదు."

దుప్పటి ఆమె కాళ్ళ మీదకి లాగాను.

"నువ్వు బయట బల్ల మీద కూర్చున్నావు. మధ్యలో పల్చటి చెక్కతలుపు. అరిస్తే నీకు వినిపిస్తుందని చెయ్యి కొరుక్కున్నాను."

"వినిపిస్తే లోపలికి వచ్చేవాణ్ణి."

"నువ్వా?" కళ్ళు తెరిచి చూసింది. కోపం లేదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. "నువ్వు లేచి ఇంకా దూరంగా ఉన్న బల్ల మీదకి పోయేవాడివి."

సెప్టెంబరు 8

పోయేవాణ్ణి.

సెప్టెంబరు 21, సోమవారం

నొప్పి మళ్ళీ మొదలైంది. ఇంటికి నర్సు వస్తోంది. చుక్కలమందు ఇచ్చింది, నాలుక కింద వేయాలి. నర్సు ఆమెని పక్కకి తిప్పి శుభ్రం చేస్తుంటే నేను షెడ్డులోకి వెళ్ళాను. ఆకురాళ్ళు తుడిచి పెట్టాను.

సెప్టెంబరు 27

మళ్ళీ షెడ్డులోకి వెళ్ళాను. అక్కడ తుడవడానికేమీ మిగల్లేదు.

అక్టోబరు 1

పాలు రెండు గుక్కలు.

అక్టోబరు 8, గురువారం

మధ్యాహ్నం మందు వేసినా నొప్పి ఆగలేదు. మరదలు నర్సుని తీసుకురావడానికి వెళ్ళింది. ఇంట్లో మేమిద్దరమే. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. వీపు అదురుతోంది. చప్పుడు లేదు.

నేను లేచాను. పెరటి గుమ్మం దాకా వెళ్ళాను. గడియ మీద చెయ్యి వేశాను.

వెనక్కి వచ్చాను. మంచం మీద కూర్చుని ఆమెని నా వైపు తిప్పుకున్నాను. చెయ్యి నోట్లో ఉంది. బయటికి తీశాను. పళ్ళు దిగిపోయి ఉన్నాయి.

"అరిచెయ్యవే" అన్నాను.

తల అడ్డంగా ఊపింది.

"వింటాను. ఎక్కడికీ పోను. అరిచెయ్."

ముందు చిన్నగా మూలిగింది. నాకు ఎంత సరిపోతుందో చూసి వడ్డించినట్టు. "ఇంకా" అన్నాను. అప్పుడు అరిచింది. అలాంటి గొంతు ఆమెకి ఉందని నాకు తెలియదు. గిన్నెలు మోగాయి అనిపించింది. ఎదురింటావిడ పరిగెత్తుకొచ్చి కిటికీ ఊచలు పట్టుకుని, "అయ్యో, ఏమైందండీ?" అంది.

"మా ఆవిడకి నొప్పిగా ఉందండీ" అన్నాను. గట్టిగా అన్నాను, వీధికి వినిపించేంత.

నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. మళ్ళీ అరిచింది.

విన్నాను.